ఇంజిన్ ఆయిల్ మార్చే ముందు ఇవి చూసుకోండి

అన్నిటికన్నా ముందు జాకీ సంగతి. జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. చదునైన గట్టి నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం ఎత్తి స్టాండ్ల (కారు బరువు మోసే ఇనుప కాళ్ల) మీద నిలపాలి. స్టాండ్లు లేవా? పని మెకానిక్‌కే వదిలేయండి, అందులో నామోషీ ఏమీ లేదు.

- ఇంజిన్‌ని రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ తేలిగ్గా కారుతుంది, మురికినీ వెంట తెస్తుంది. దూర ప్రయాణం నుంచి రాగానే మాత్రం వద్దు, చేతులు కాలతాయి.
- ఆయిల్ గ్రేడ్, అంటే దాని చిక్కదనం గుర్తు (5డబ్ల్యూ-30 లాంటిది), ఎన్ని లీటర్లు పడుతుందో కారు మాన్యువల్‌లో చూడండి. షాపువాళ్ల మాట కన్నా అదే నమ్మకం.
- కొత్త ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టుకి (ఆయిల్ కిందికి వదలడానికి విప్పే బోల్టు) కొత్త వాషర్, గ్లౌజులు, వెడల్పాటి పళ్లెం దగ్గర పెట్టుకోండి.
- పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిలంతా బయటికి చిమ్ముతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.
- తీసిన ఆయిల్ కాలువలో పోయొద్దు. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి.

డ్రెయిన్ బోల్టు తిరిగి బిగించాకే కొత్త ఆయిల్ మూత తెరవండి.