రుచి చూసినవాళ్లు “బాగుందండీ” అన్నారు సరే, కొన్నారా?
రాగి జంతికల వ్యాపారం అనుకుంటే మిషను జోలికి అప్పుడే పోకండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకుని, చేత్తోనే నొక్కి 100 గ్రాముల ప్యాకెట్లు వారానికి 23 కట్టండి. విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్న నడకకొచ్చేవాళ్లకి ఒక ఆదివారం 20 ప్యాకెట్లు 40 రూపాయలకి, పై ఆదివారం 20 ప్యాకెట్లు 50కి అమ్మండి. ఊరికే రుచి చూపిస్తే మొహమాటానికి అందరూ మెచ్చుకుంటారు. వెతుక్కుంటూ వచ్చి మళ్లీ కొన్నవాళ్లెందరో రాసుకోండి, పెట్టుబడిదారుకి ముందు చూపించాల్సింది ఆ లెక్కే.

వారానికి మిగిలిన మూడు ప్యాకెట్లూ దాచి 3, 7, 15 రోజులకి ఒక్కోటి విప్పి విరవండి. ఫట్‌మనాలి. సాగితే సీలు అంచు చూడండి: అక్కడ నూనె, పిండి అంటితే అతుకు పడదు, సముద్రపు తేమగాలి దూరుతుంది. చల్లారకుండా కట్టినా లోపలి ఆవిరికి మెత్తబడతాయి.