రాగి పిండితో గ్లూటెన్ లేని చాక్లెట్ కుకీలు

గోధుమల్లో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ సీలియాక్ వ్యాధి ఉన్నవారి చిన్నపేగును దెబ్బతీస్తుంది కనుక మైదా బిస్కెట్లు వారికి పనికిరావు. రాగుల్లో గ్లూటెన్ సహజంగానే ఉండదు. పైగా వేయించిన రాగి పిండి కమ్మదనం కోకో చేదుతో చక్కగా కలుస్తుంది.

అయితే ఆ పిండి ఎక్కడ ఆడించారన్నది అన్నిటికంటే ముఖ్యం. గోధుమలు ఆడిన మరలోనే రాగులు ఆడిస్తే, అందులో మిగిలిపోయిన గోధుమ పిండి మన పిండిలో కలుస్తుంది. గ్లూటెన్ రహితమని అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన దేశ నిబంధన. ఆ లెక్కన చిటికెడు గోధుమ పిండి కూడా ఎక్కువే. అందుచేత రాగులను గోధుమ గింజలు లేకుండా ఏరి, కడిగి, బాగా ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో మెత్తగా పొడి చేసుకోవడం, లేదా గ్లూటెన్ రహితమని ముద్రించిన ప్యాకెట్ కొనడం మంచిది. చపాతీ పిండి జల్లించే జల్లెడను దీనికి వాడవద్దు. బేకింగ్ పౌడర్‌లో గోధుమ పిండిపదార్థం ఉండవచ్చు కాబట్టి దాని ప్యాకెట్ కూడా చదవాలి.

100 గ్రాముల రాగి పిండిని సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించి చల్లార్చాలి. దానిలో 30 గ్రాముల బియ్యప్పిండి, 25 గ్రాముల కోకో, అర చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపి జల్లించాలి. గ్లూటెన్ లేని పిండికి జిగురు ఉండదు కనుక, పెద్ద చెంచాడు అవిసె గింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీటిలో పది నిమిషాలు నానబెడితే వచ్చే చిక్కని జిగురే ఇక్కడ ఆ పని చేస్తుంది. 85 గ్రాముల మెత్తని వెన్నను అంతే బరువు బెల్లం పొడితో గిలక్కొట్టి, ఈ జిగురును, తర్వాత పిండిని చేర్చి ముద్ద చేయాలి.

ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచడం మానవద్దు. రాగి పిండి తడిని నిదానంగా పీల్చుకుంటుంది, ఆ వ్యవధి ఇవ్వకపోతే కుకీ నోటికి ఇసుకలా తగులుతుంది. తర్వాత నిమ్మకాయంత ఉండలు చేసి, కొద్దిగా అదిమి, ముందే 170 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిన ఓవెన్‌లో 12 నుంచి 14 నిమిషాలు కాల్చాలి. ముదురు రంగు వల్ల కాలినదీ లేనిదీ కంటికి తెలియదు. అంచు ముట్టుకుంటే గట్టిగా, నడుమ ఇంకా మెత్తగా, పైన సన్నని బీటలు కనిపించగానే తీసేయాలి. వేడి మీద కదిపితే విరిగిపోతాయి కనుక పది నిమిషాలు ట్రేలోనే వదిలి, పూర్తిగా చల్లారాక గోధుమ బిస్కెట్లు ఎన్నడూ పెట్టని డబ్బాలో భద్రపరచాలి.