మండలంలో వర్గపోరును అదుపు చేయడం ఎలా?

గోదావరి డెల్టాలో చాలా పార్టీల మండల శాఖల్లో రెండు వర్గాలు కనిపిస్తాయి. ఇన్‌చార్జి వెంట ఒకటి ఉంటే, టికెట్ ఆశించి భంగపడిన నాయకుడి వెంట మరొకటి నడుస్తుంది. అభిప్రాయభేదాలు సహజమే గాని, వాటి మూలంగా పార్టీ ఏళ్ల తరబడి చేస్తున్న ప్రయత్నం మూలపడడం మాత్రం క్షమించరానిది. అందుకే రాజీకి కూర్చునే ముందు, తగాదా వల్ల ఆగిపోయిన పని ఏమిటో పేరు పెట్టి చెప్పుకోవాలి.

మురుగు కాలువలనే తీసుకోండి. పూడిక, గుర్రపుడెక్క తొలగించడానికి వేసవిలో కాలువలకు నీరు ఆపేసిన కొద్ది వారాలే అనువైనవి కనుక ప్రతిపాదనలు అంతకుముందే అధికారులకు చేరాలి. ఒక వర్గం ఇచ్చిన అర్జీకి పోటీగా రెండో వర్గం మరో డ్రెయిన్ పేరు పెట్టి అర్జీ ఇస్తే, ఏది ముందో తేలేలోపు కాలువలకు నీరు వదిలేస్తారు, వానలకు శివారు చేలు మునుగుతాయి. 2022లో కోనసీమ రైతులు పంట విరామం, అంటే ఒక సీజన్ సాగు మానేయడం, మాట ఎత్తినప్పుడు మురుగు కాలువల బాగుచేత వారి ప్రధాన డిమాండ్లలో ఒకటి. ఆ రైతుకు ఏ వర్గం పైచేయి సాధించిందన్నది అనవసరం.

రాష్ట్ర స్థాయిలోనూ ఇలాంటి నష్టం జరిగింది. 1978లో గెలిచిన కాంగ్రెస్ అంతర్గత కలహాలతో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అంటూ ఒక్క శాసనసభ కాలంలోనే నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో అధికారం చేపట్టింది. ఓటమికి అదొక్కటే కారణం కాకపోయినా, అది చిన్న కారణమూ కాదు.

సంప్రదింపులను ఫ్లెక్సీలతో మొదలుపెట్టండి. సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఏ వరుసలో, ఎంత సైజులో ఉండాలో ముందే రాసుకోవడం అల్పమైన విషయంగా తోచవచ్చు. కాని కార్యకర్త తన నాయకుడికి దక్కే మర్యాదను అక్కడే కొలుస్తాడు. తర్వాత పదవుల సంగతి చూడాలి. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి కాబట్టి అక్కడ బి-ఫారం (ఫలానా వారే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) అనే కళ్లెం ఉండదు, ఒకే పార్టీ వారు ఇద్దరు నిలబడి ఓట్లు చీల్చుకుంటారు. నోటిఫికేషన్ రాకముందే మాట్లాడుకుని, తప్పుకునే వ్యక్తికి ఇచ్చిన హామీని మండలంతో సంబంధం లేని జిల్లా నాయకుడి సమక్షంలో కాగితం మీద పెట్టాలి. నోటిమాటగా ఇచ్చి మరచిన హామీల నుంచే మరుసటి ఎన్నికలో రెబల్ అభ్యర్థులు పుట్టుకొస్తారు.

తగాదాకు కులం తోడైతే, ఆ రెండు కులాల్లో ఏ ఒక్కదానికి చెందిన పెద్దమనిషి తీర్పు చెప్పినా రెండో పక్షం నమ్మదు. అటువంటప్పుడు మధ్యవర్తులుగా ఇద్దరు ఉండాలి, వారిలో ఒకరు తప్పనిసరిగా మూడో సామాజిక వర్గం వారై ఉండాలి. మీడియా ముందు మాట్లాడిన వారిపై చర్య తీసుకోవలసి వస్తే రెండు వర్గాల వారికీ ఒకే రోజు నోటీసు ఇవ్వాలి. ఒక పక్షానికే ఇస్తే మధ్యవర్తిత్వం అక్కడితో ముగిసినట్టే.

చివరగా, డ్రెయిన్ అర్జీ ఒక్కటే ఉండాలి. ఏ డ్రెయిన్ ముందో శివారు రైతులను కూర్చోబెట్టి తేల్చుకుని, ఇద్దరు నాయకులూ సంతకాలు చేసి, నకలు చెరొకటి ఉంచుకుని, నీటిపారుదల ఇంజనీరు దగ్గరకు కలిసే వెళ్లాలి.