వెంటిలేటర్ మీదున్న ట్రాకియాస్టమీ పేషెంటుకు తేమ గాలి అందించడం ఎలా?

మనం పీల్చే గాలి ఊపిరితిత్తుల లోపలికి దిగేసరికి 37 డిగ్రీలకు వేడెక్కి, లీటరుకు 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరితో నిండి ఉంటుంది. ఈ పనిలో ఎక్కువ భాగం ముక్కు, గొంతు చేస్తాయి. మెడ ముందు చేసిన రంధ్రంలో పెట్టే ట్రాకియాస్టమీ ట్యూబు ఆ రెండింటినీ దాటేసి గాలిని నేరుగా శ్వాసనాళంలోకి పంపుతుంది. పైగా సిలిండరు ఆక్సిజన్‌లో తేమ ఉండదనే చెప్పాలి. అలాంటి పొడిగాలి పోతూ ఉంటే కఫం ముందు జిగురవుతుంది, తర్వాత పెచ్చులు కట్టి ట్యూబుకే అడ్డం పడుతుంది.

కావలసినవి: హీటెడ్ హ్యుమిడిఫైయర్ (నీటిని వేడిచేసి గాలికి తేమ చేర్చే మిషను), దాని చాంబర్ (నీళ్లుండే గిన్నె), సర్క్యూట్ పైపులు (వెంటిలేటర్‌కూ పేషెంటుకూ మధ్య గాలి పైపులు), వాటర్ ట్రాపులు (పైపుల్లోని నీళ్లు చేరే చిన్న డబ్బాలు), టెంపరేచర్ ప్రోబ్ (గాలి వేడిని కొలిచేది), స్టెరైల్ వాటర్, గ్లవ్స్. సక్షన్ మిషను (కఫం లాగేది), అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే సంచి) మంచం పక్కనే ఉండాలి.

చాంబర్‌లో గీత వరకే నీళ్లు నింపండి. స్టెరైల్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు. సెలైన్ పోస్తే నీరు ఆవిరై ఉప్పు అడుగున పేరుకుంటుంది. కుళాయి నీళ్లలో క్రిములుంటాయి. మూత తీసి చేత్తో పోసే పద్ధతి నాకు అసలు నచ్చదు. పైన వేలాడదీసిన బ్యాగు నుంచి దానంతటదే నిండే చాంబరే వాడండి. హ్యుమిడిఫైయర్ పేషెంటు ఛాతీకంటే కిందనే ఉండాలి. ముందు వెంటిలేటర్, ఆ తర్వాతే హీటర్ ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు హీటర్.

సెట్టింగు డాక్టరు చెప్పినట్టే ఉంచాలి. వై-పీస్ (గాలి వచ్చే, పోయే పైపులు పేషెంటు దగ్గర కలిసే ముక్క) దగ్గర గాలి 34 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలన్నది మామూలు లెక్క. నేను చూసేది 37. ప్రోబ్‌ను పూర్తిగా లోపలికి నొక్కండి. దాని మీద ఏసీ గాలి పడితే తక్కువ వేడి చూపిస్తుంది, దాంతో హీటర్ అనవసరంగా వేడెక్కుతుంది. పక్కన వేడి వస్తువుంటే ఎక్కువ చూపిస్తుంది, హీటర్ తగ్గిపోయి పొడిగాలి వెళ్తుంది. అందుకే అంకె ఒక్కటే చూసి వెళ్లిపోవద్దు. ట్యూబుకు తగిలించిన చిన్న పైపులో సన్నటి నీటి చెమ్మ కనబడుతోందా చూడండి. అది పొడిగా ఉంటే తేమ చాలడం లేదన్నమాట.

ఇక అందరూ తప్పు చేసేది పైపుల్లో చేరిన నీళ్లు తీసేటప్పుడు. వేడి ఆవిరి చల్లని పైపులో నీరుగా మారడం సహజం, హీటర్ వైరున్న సర్క్యూట్‌లో తక్కువ, లేనిదాంట్లో ఎక్కువ. ఆ నీళ్లు శుభ్రమైనవి కావు. పేషెంటు గొంతులోని క్రిములు అందులో చేరి ఉంటాయి. ఆ నీళ్లు ఒక్కసారిగా ట్యూబులోకి జారితే ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

కాబట్టి పేషెంటును పక్కకు తిప్పే ముందు, మంచం తల ఎత్తే ముందు, దించే ముందు పైపులు చూడండి. తిప్పాక కాదు, ముందు. డ్యూటీ మారే హడావిడిలో ఈ ఒక్క పని మర్చిపోయి పక్కకు తిప్పితే పైపులోని నీళ్లన్నీ లోపలికి పోయి, పేషెంటు ఉక్కిరిబిక్కిరి కావడం నేను కళ్లారా చూశాను. ఇప్పటికీ పైపులు చూడందే మంచం మీద చెయ్యి వేయను.

గ్లవ్స్ వేసుకోండి. ఒక చేత్తో ట్రాకియాస్టమీ ట్యూబు దగ్గర కనెక్షన్‌ను కదలకుండా పట్టుకోండి. ఇంకో చేత్తో పైపును పేషెంటు వైపు నుంచి మెల్లగా ఎత్తుతూ నీళ్లను వాటర్ ట్రాపులోకి దింపండి. ట్రాపు ఎప్పుడూ పైపులో అన్నిటికంటే కిందుండే చోట, నిటారుగా వేలాడాలి. పైపు విదిలించవద్దు, ట్యూబు ఊడివస్తుంది. నీళ్లను తిరిగి చాంబర్‌లోకి పంపడం మహాపాపం: క్రిములున్న నీటిని మళ్లీ వేడిచేసి పేషెంటుకే ఇచ్చినట్టు. ట్రాపులో చేరినదాన్ని మురికి నీరుగానే పారబోసి చేతులు కడుక్కోండి.

వెంటిలేటర్ ఉన్నట్టుండి శ్వాసల సంఖ్య ఎక్కువ చూపిస్తే ముందు పైపే చూడండి. లోపల నీళ్లు ఊగిసలాడితే, పేషెంటే ఊపిరి తీస్తున్నాడనుకుని మిషను అదనపు శ్వాసలిచ్చేస్తుంది.

హెచ్‌ఎమ్‌ఈ ఫిల్టర్ (పేషెంటు వదిలే గాలిలోని వేడి, తేమను పట్టి మళ్లీ పీల్చే గాలికి ఇచ్చేది) పెడితే ఈ గొడవే ఉండదు కదా అంటారు. కొద్ది రోజులకు, ప్రయాణానికి అది బాగానే పనికొస్తుంది. కానీ కఫం చిక్కగా, ఎక్కువగా, రక్తంతో ఉన్నప్పుడు, ఒంటి వేడి 32 డిగ్రీలకంటే తగ్గినప్పుడు, ట్యూబు పక్క నుంచి గాలి లీకు ఎక్కువున్నప్పుడు అది వద్దు. ఎక్కువ రోజులకు హీటెడ్ హ్యుమిడిఫైయరే నా మాట. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ పెట్టకండి: ఫిల్టర్ తడిసి ముద్దై గాలికే అడ్డుపడుతుంది. నెబులైజర్ ఇచ్చేటప్పుడు కూడా ఫిల్టర్ తీసేయాలి.

సక్షన్ చేసిన ప్రతిసారీ కఫం ఎలా ఉందో రాసి పెట్టండి. నిన్న సులువుగా దిగిన క్యాథెటర్ (కఫం లాగే సన్న గొట్టం) ఇవాళ తట్టుకుంటుంటే, మిషను ప్రెషర్ అలారం కొడుతుంటే, వెంటనే ట్రాకియాస్టమీ ట్యూబు లోపల విడిగా ఉండే చిన్న ట్యూబు తీసి స్పేరుది పెట్టండి. అప్పటికీ క్యాథెటర్ దిగకపోతే అంబు బ్యాగ్ చేతిలోకి తీసుకుని డాక్టరును పిలిపించండి.