రేడియో 4 రోజంతా వినాలనుకుంటే ఇలా ట్రై చేయండి

బీబీసీ రేడియో 4లో పాటలు దాదాపు ఉండవు, అంతా మాటలే, వార్తలు నాటకాలు చర్చలు సైన్స్ అన్నీ కలిపి. పొద్దున్న పెట్టేసి రాత్రిదాకా వదిలేస్తే చెవి అలసిపోయి ఏదీ బుర్రకెక్కదు, అందుకే ఒకే వార్తని మూడు పూటలా పట్టుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా (అన్నీ బ్రిటన్ టైమే) పొద్దున్న 6 నుంచి 9 దాకా వచ్చే టుడే అనే వార్తల ప్రోగ్రాంలో కాసేపు, మధ్యాహ్నం 1కి వరల్డ్ ఎట్ వన్ వార్తలు, సాయంత్రం 6కి అరగంట బులెటిన్. పొద్దున్న అర్థం కాని మాట సాయంత్రానికి దానంతటదే తెలిసిపోతుంది, యాసలకి చెవి అలవాటు పడేది కూడా ఇలాగే.

సాయంత్రం 7కి ది ఆర్చర్స్ (శనివారం ఉండదు), 1951 నుంచి నడుస్తున్న పల్లెటూరి సీరియల్, మొదటి వారం ఎవరు ఎవరో తెలీదు, అయినా ఆపకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది అర్ధరాత్రి దాటాక వచ్చే షిప్పింగ్ ఫోర్‌కాస్ట్, అంటే ఓడల కోసం చదివే సముద్ర వాతావరణ సూచన. బ్రిటన్ చుట్టూ 31 సముద్ర ప్రాంతాలు, ఎప్పుడూ వైకింగ్ అనే ప్రాంతంతోనే మొదలు, ప్రతిదానికీ ముందు గాలి, తర్వాత వాతావరణం, చివర్లో ఎంత దూరం కనిపిస్తుందో. ఆ చివర్లో "గుడ్" అంటే 5 నాటికల్ మైళ్ల కంటే ఎక్కువ అని, "వెరీ పూర్" అంటే 1000 మీటర్ల లోపే అని. ఈ వరస ఒక్కటి గుర్తుపెట్టుకుని వినండి, నిదానంగా చదువుతారు కాబట్టి ఒక్కో మాటా విడివిడిగా వినిపిస్తుంది, ఎంత హాయిగా ఉంటుందో!