లంక అనే మాటను భాషల వెంట ఎలా వెతకాలి

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలి, వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోయి సముద్రం వైపు సాగే దారిలో, పాయల నడుమ ఒండ్రు, ఇసుక మేటవేసి పైకి తేలిన నేలను మన డెల్టాలో లంక అంటారు. బొబ్బర్లంక, పిచ్చుకలంక, ఎదురులంక, ఊబలంక, కనకాయలంక అంటూ ఊళ్ల పేర్లలోనే నిలిచిపోయిన మాట ఇది. ఇదే ధ్వని లిథువేనియన్, ఫిన్నిష్, హంగేరియన్ భాషల్లో కూడా వినిపిస్తుందని తెలిసినప్పుడు, అక్కడికీ ఇక్కడికీ చుట్టరికం కలపాలని ఎవరికైనా మనసు తొందరపడుతుంది. ఆ తొందరను అదుపులో ఉంచుకుని ఒక మాట పుట్టుకను, అర్థాలను అనేక భాషల్లో ఎలా పరిశీలించాలో, ఊరి పేర్లు సేకరించే ఉపాధ్యాయులకు, విద్యార్థులకు పనికివచ్చే విధంగా ఈ లంకనే ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

పని ఇంటి దగ్గరే మొదలుకావాలి. నిఘంటువు తెరవక ముందు, ఆ మాటను వాడే మనుషుల నోట దాని అర్థం ఎంత దూరం వెళుతుందో, ఎక్కడ ఆగిపోతుందో రాసుకోవాలి. లంక అంటే చుట్టూ నీరున్న నేల అని రాసి ఊరుకుంటే సరిపోదు. వరదకు మునిగేది, ఏటిగట్టుకు లోపల ఉండేది, పడవ మీదో పంటు మీదో దాటి చేరేది, కొన్నేళ్లకు ఒక పక్క కోసుకుపోయి మరో పక్క పెరిగేది అనే గుణాలన్నీ ఆ మాటలో ఉన్నాయి. సముద్రం మధ్య ఉన్న నేలను చెప్పడానికి సాధారణంగా మనం ద్వీపం అనో, దాని ప్రాకృత రూపం నుంచి వచ్చిన దీవి అనో అంటాం. లంకపొగాకు, లంకపొలం వంటి జంట మాటలను కూడా విడువకుండా రాసుకోవాలి, ఎందుకంటే మాట ఎంత లోతుగా నాటుకుందో వాటిలోనే తెలుస్తుంది.

తరువాత పొరుగు భాషలను చూడాలి. తమిళంలో ఈ రూపం ఇలంగై. పాత తమిళ వ్యాకరణం మాటను లకారంతో మొదలుపెట్టనివ్వదు కనుక ముందు ఇకారం నిలిచింది. తెలుగులో లకార రేఫలతో మొదలయ్యే దేశ్య పదాలలో చాలా వాటికి ముందు ఒకప్పుడు అచ్చు ఉండేది: తమిళంలో ఉళ్ అయినది మనకు లో, లోపల అయింది, ఉరల్ అయినది రోలు అయింది. కాబట్టి లకారంతో మొదలయ్యే ఏ తెలుగు మాట ఎదురైనా, అచ్చు స్థానం మారడం వల్ల ఆ రూపం వచ్చిందా, లేక వేరే భాష నుంచి వచ్చిందా అనే ప్రశ్న ముందుగా వేసుకోవాలి. సంస్కృతంలో లంక ప్రధానంగా ఒక పురానికి, ఒక ద్వీపానికి పేరు కాగా, తెలుగులో అది నదిలోని ఏ మెరకకైనా చెల్లే సామాన్యనామం. ఈ తేడాను నోటుపుస్తకంలో వేరుగా రాసుకోవాలి.

ఇప్పుడు దూరదేశం వెళదాం. లిథువేనియన్‌లో లంకా అంటే నది పక్కన నీరు ఎక్కే గడ్డిమైదానం. ఇంత దగ్గరి ధ్వని, ఇంత దగ్గరి అర్థం ఉన్నప్పుడే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఆ మాటకు ఆ భాషలోనే కుటుంబం ఉందా అని అడగండి. ఉంది: లెంక్తి అంటే వంచడం, లంకాస్ అంటే విల్లు. క్రియలోని ఎకారం నామంలో అకారంగా మారడం ఆ భాషలో మామూలు. అంటే లంకా మొదట నది వంపు, తరువాత ఆ వంపులో పరుచుకున్న నేల. మన లంకకు ఇలా వంచడం అనే అర్థమున్న క్రియ ఏదీ తోడు లేదు. లొంగు అనే మాట ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఒక్క పోలికను నిలబెట్టడానికి మరొక్క పోలికను తెచ్చుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. ఒంటరి సాక్ష్యాలు ఎన్ని పోగైనా, వాటిని కలిపే సూత్రం లేకపోతే నిరూపణ కాదు.

ఆ సూత్రాన్ని ఎలా పట్టుకోవాలో రష్యన్, పోలిష్ వంటి స్లావిక్ భాషలు స్పష్టంగా చూపిస్తాయి. లిథువేనియన్ లంకాకు జతగా రష్యన్‌లో లుకా ఉంది, అంటే నది వంపు. సమారా నగరం దగ్గర వోల్గా తిరిగే పెద్ద మలుపును సమార్‌స్కాయా లుకా అంటారు. స్లొవేనియన్‌లో లోకా అంటే నీటి ఒడ్డు పచ్చిక. 973లో జర్మనీలోని ఫ్రైజింగ్ బిషప్పులకు దానంగా దక్కిన ప్రాంతంలోని పట్టణాన్ని ఇప్పటికీ ష్కోఫ్యా లోకా, అంటే బిషప్పు పచ్చిక, అని పిలుస్తారు. పోలిష్‌లో వోంకా అంటే పచ్చిక బయలు. పైకి ఇవి ఒకదానికొకటి పోలినట్టే ఉండవు. అయితే చెయ్యి అనే అర్థమున్న రెండో మాటను పక్కన పెట్టి చూడండి: లిథువేనియన్‌లో రంకా, రష్యన్‌లో రుకా, స్లొవేనియన్‌లో రోకా, పోలిష్‌లో రెంకా. లంకా ఎలా మారిందో రంకా కూడా ఇంచుమించు అలాగే మారింది. తొమ్మిదో శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ సోదరుల కృషితో రాతకెక్కిన ప్రాచీన స్లావిక్‌లో ఈ చోట ముక్కుతో పలికే అచ్చు ఉండేది, దానికి ప్రత్యేకమైన అక్షరమే ఉంది. పోలిష్ ఆ అనునాసికాన్ని నిలుపుకుంది, రష్యన్ పోగొట్టుకుంది. నిజమైన చుట్టరికానికి గుర్తు ఇదే: రూపాలు వేరైనా, ఆ వేరు కావడంలో ఒక క్రమం ఉంటుంది. కనీసం రెండు మూడు జంటలలో ఆ క్రమం కనిపించేంత వరకు బంధుత్వం అనే మాటను రాయకూడదు.

ఇక్కడ మరొక మెలకువ అవసరం. ఒక భాషలో ఒకే రూపంలో ఉన్నవన్నీ ఒకే మాట కావు. రష్యన్‌లో లూక్ అంటే విల్లు, లూక్ అంటే ఉల్లి కూడా. విల్లు వంపు కుటుంబానిదే. ఉల్లి మాత్రం జర్మానిక్ భాషల నుంచి, అంటే జర్మన్, ఇంగ్లీషు చేరిన కుటుంబం నుంచి, వచ్చింది. ప్రాచీన స్లావిక్ రాతలో ఈ రెండింటికీ వేరు వేరు అచ్చులు ఉన్నందువల్ల తేడా నిస్సందేహంగా తెలుస్తుంది. లుకా అనే పురుషుల పేరు గ్రీకు లూకాస్ నుంచి వచ్చింది కనుక దానిని ఈ లెక్కలో చేర్చకూడదు. క్రొయేషియన్‌లో లుకా అంటే ఓడరేవు, తీరం లోపలికి వంగిన చోటే రేవు కాబట్టి. స్లొవేనియన్‌లో పచ్చికకు లోకా, రేవుకు లుకా అని రెండు రూపాలు ఉండడం చూస్తే, రెండోది ఆ భాష క్రమానికి ఒదగనిది గనుక పొరుగు నుంచి అరువు వచ్చిందని గుర్తించవచ్చు.

అర్థం మారిన దారి నమ్మదగినదో కాదో తేల్చుకోవడానికి మన భాషనే కొలబద్దగా వాడుకోవచ్చు. వంపు అనే మాట నదికి, నేలకు పేరు కావడం వింతగా తోస్తే, వంగు, వంకర, వంక అనే మాటల వరుసను తలచుకోండి. మనం వాగులు, వంకలు అంటున్నప్పుడు ప్రవాహానికి దాని మెలికను బట్టే పేరు పెట్టాం. సంబంధం లేని రెండు భాషా కుటుంబాలు ఒకే దారిలో ఆలోచించాయంటే ఆ దారి సహజమైనదని అర్థం. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆనందం కలిగించేది ఇదే: లిథువేనియన్ లంకాకు మన భాషలో భావసామ్యం ఉన్నది లంకలో కాదు, వంకలో.

ఫిన్నిష్, ఎస్టోనియన్, హంగేరియన్ చేరిన యురాలిక్ భాషల సంగతి త్వరగానే తేలుతుంది. ఫిన్నిష్‌లో లంకా అంటే దారం, తీగ. తీగ లేనిది, అంటే వైర్‌లెస్, లంగటోన్. ఎస్టోనియన్ రూపం లొంగ్‌కు దగ్గరగా పలుకుతుంది. మాట అనే అర్థంలో ఫిన్నిష్ సనకు ఎస్టోనియన్ సొన, కాలు అనే అర్థంలో యల్కాకు యల్గ్ ఉండడం చూస్తే ఆ రెండూ సోదర రూపాలేనని స్థిరపడుతుంది. హంగేరియన్‌లో లంకా అని రాసేదాన్ని లొంకొ అన్నట్టు పలుకుతారు, అర్థం మెల్లగా వాలే నేల. ఫిన్నిష్, హంగేరియన్ ఒకే కుటుంబానివే అయినా ఈ రెండు లంకాలు బంధువులు కావు. చేపకు ఫిన్నిష్‌లో కల, హంగేరియన్‌లో హల్. మూడుకు ఫిన్నిష్‌లో కొల్మె, హంగేరియన్‌లో హారొమ్. ఆ రెండు భాషల అసలు బంధుత్వం ఇలా పోలికలేనట్టు కనిపించే మాటలలో దాగి ఉంటుంది.

ద్రావిడ భాషలకు ఫిన్నిష్ వంటి వాటితో సంబంధం ఉందని 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ వాదించాడు. ఆ వాదాన్ని నేటి భాషాశాస్త్రం నిరూపితమైనదిగా అంగీకరించడం లేదు. అంతకు ముందు 1816లో మద్రాసులో ఇంగ్లీషు అధికారిగా ఉన్న ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను వరుసగా పక్కపక్కన పెట్టి ద్రావిడ భాషలు ఒక కుటుంబమని చూపాడు, అది నిలబడింది. కారణం పద్ధతిలోనే ఉంది.

పని మొదలుపెట్టేవారు 1852 నాటి బ్రౌన్ నిఘంటువును, 1984లో మలి కూర్పు వచ్చిన బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును దగ్గర పెట్టుకుంటే చాలు, రెండూ అంతర్జాలంలో వెతకడానికి దొరుకుతాయి. ఒక్కో మాటకు ఒక పేజీ కేటాయించి, రూపం, పలుకుబడి, తెలిసినంతలో పాత రూపం, ఆ భాషలోనే ఉన్న బంధుపదాలు, అర్థం, మీ నిర్ణయం వరుసగా రాయాలి. నిర్ణయం గడిలో బంధువు, అరువు, యాదృచ్ఛికం అనే మూడింటిలో ఒకటి మాత్రమే ఉండాలి. లిథువేనియన్, ఫిన్నిష్, హంగేరియన్ రూపాలకు మన లంక ఎదురుగా యాదృచ్ఛికం అని రాయవలసిందే. అరువు గడి కూడా ఖాళీగా ఉండదు: గోదావరి లంకల పొగాకుతో చుట్టిన ఘాటైన చుట్టకు పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషులో లంకా అనే పేరు వాడుకలో ఉండేది, ఆ మాట మన పాయల మధ్య నుంచే అక్కడికి వెళ్లింది.