మన చికిత్స, మన ఫోన్ – 3వ పాఠం: మాత్రలు లేవంటే ఏం రాయాలి?

ప్రభుత్వ టీబీ ఆరోగ్య సాథీ యాప్‌లో నిక్షయ్ ఐడీతో (టీబీ రోగిగా నమోదైనప్పుడు మనకిచ్చే నంబరు) మన చికిత్స వివరాలు చూసుకోవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. మాత్రలో, డబ్బులో అందకపోతే ఆ సంగతి ఎలా రాయాలో ఈసారి నేర్చుకుందాం. స్టాప్ టీబీ పార్ట్‌నర్‌షిప్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్ల వన్ ఇంపాక్ట్ యాప్‌లో రోగులే సమస్య రాసి పంపొచ్చు. యాప్ ఏదైనా రాసే పద్ధతి ఒకటే.

ముందు మాత్రలు లెక్కపెట్టండి. మామూలు టీబీకి, 35 నుంచి 49 కిలోల బరువున్న పెద్దవాళ్లకి రోజుకి 3 మాత్రలు. అట్టలో 9 మిగిలాయంటే మూడు రోజులే. ఎంత తొందరో అవతలివాళ్లకి తెలిసేది ఈ అంకెతోనే.

నా చికిత్స రెండో నెలలో గోదావరికి వరదొచ్చింది. మా లంక నుంచి మందుల కోసం పడవెక్కి ఆసుపత్రికి వెళ్తే స్టాక్ లేదన్నారు. ఆ కోపంలో “మందులివ్వట్లేదు, ఎవరూ పట్టించుకోవట్లేదు” అని రాసి పంపాను. ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి ఇలా రాశాను:

“సోమవారం ఉదయం 10 గంటలకి వెళ్లాను. స్టాక్ లేదు, వచ్చే వారం రమ్మన్నారు. నా దగ్గర 9 మాత్రలున్నాయి, గురువారం నుంచి ఉండవు. రెండో నెల నడుస్తోంది.”

మర్నాడే ఫోనొచ్చింది. ఎప్పుడు, ఏమన్నారు, ఎన్ని మిగిలాయి, ఎన్నో నెల: ఈ నాలుగూ ఉంటే చాలు. తిట్టాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ మందులు మధ్యలో ఆగితే జబ్బు మొండిదవుతుంది, అందుకే ముందు మాత్రలు రావాలి.

పోషణ డబ్బులకీ (టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చేవి) ఇదే పద్ధతి. 2024 నవంబరు నుంచి నెలకి 500 కాస్తా 1000 అయింది. ఆ డబ్బే రెండు విడతలుగా వస్తుంది: జబ్బు తేలినప్పుడు 3000, చికిత్స 84 రోజులు పూర్తయ్యాక ఇంకో 3000 ఖాతాలో పడాలి. పడకపోతే మందులు మొదలైన తేదీ తప్పకుండా రాయండి.

ఒక్క జాగ్రత్త. మన ఇళ్లల్లో ఒకే ఫోన్ నలుగురి చేతుల్లో తిరుగుతుంది. జబ్బు సంగతి అత్తారింట్లో తెలియకూడదనుకునే అమ్మాయిలు యాప్‌కి లాక్ పెట్టుకోండి, నోటిఫికేషన్లు ఆపేయండి. అదీ కుదరకపోతే టీబీ రోగుల హెల్ప్‌లైన్ 1800-11-6666కి ఫోన్ చేయండి, డబ్బులు కట్టక్కర్లేదు.

ఈ వారం అభ్యాసం: అట్ట తీసి మాత్రలు లెక్కపెట్టి, ఎన్ని రోజులకి సరిపోతాయో కాగితం మీద రాయండి. గళ్ల (కఫం) పరీక్ష ఫలితం ఎక్కడ చూడాలో 4వ పాఠంలో.